అన్నయ్య మూర

రెండు విశ్వవిద్యాలయాలు నాకు సీటు ఇచ్చాయి. ఏప్రిల్ నెలాఖరులోగా ఏదో ఒకదానికి వస్తున్నానని రాయాలి. అదే నెలాఖరుకి మా బెల్లం పాక విప్పేస్తారు. ఈ రెండు గడువులకీ సంబంధం ఏమీ లేదు. అయినా ఆ నెలంతా ఒకదాని గురించి ఆలోచించబోతే రెండోది వచ్చి అడ్డం కూర్చునేది.

మాది అనకాపల్లి నుంచి రావికమతం వెళ్లే దారిలో ఒక పల్లె. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. అన్నయ్యా చిన్నాన్నా కలిసి చెరకు వేసి, బెల్లం వండి, నన్ను విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదివించారు. చదువయ్యాక అనకాపల్లి టౌనులో ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసులో చేరాను. పొద్దున్న బస్సులో వెళ్తాను, సాయంత్రం బస్సులో వస్తాను. ఇంట్లో ఇప్పుడు నేనూ వదినా ఉంటున్నాం. చిన్నాన్న వాళ్లది పక్కిల్లే.

అన్నయ్య పోయిన వానాకాలంలో చనిపోయాడు. జ్వరం అని టౌనుకి తీసుకెళ్లాం, అక్కణ్ణుంచి విశాఖపట్నం తీసుకెళ్లాం, ఆ వారం దాటలేదు. దీని గురించి ఇంతకంటే రాయాలని లేదు. రాయబోతే ప్రతి వాక్యమూ ఎవరో ఒకరిని తప్పుపట్టేలా వస్తోంది. నిజానికి ఎవరి తప్పూ లేదు.

మా వైపు మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడాది బెల్లం పొయ్యి వెలిగించరు. అందుకని మా పాకలో ఈ సీజనంతా పొయ్యి చల్లగా ఉంది. చెరకు కొట్టించి, ఊరి చివర వేరే వాళ్ల పాకలో చిన్నాన్న వండించాడు. ఇక వచ్చే ఏడాదికి చెరకు మాట లేదు. వదిన పొలం కౌలుకిచ్చేసింది. తీసుకున్నాయన కూరగాయలు వేస్తాడట. ఆయనకి పాక అక్కర్లేదు, ఆ జాగా కావాలి. వానలు పడేలోపు విప్పి ఇస్తామని వదిన మాట ఇచ్చింది. నన్ను అడిగే ఇచ్చింది. నేను సరే అన్నాను.

ఆ పాకే నన్ను రెండు దేశాల దాకా తీసుకెళ్లింది. ఐదో ఏడు థీసిస్‌కి నేను దాన్నే తీసుకున్నాను. మిగతావాళ్లు మ్యూజియంలూ విమానాశ్రయాలూ గీస్తుంటే నేను తాటాకు కప్పునీ, మట్టి పొయ్యినీ, చెరకు పిప్పి ఆరబోసే కళ్లాన్నీ కొలిచి గీశాను. కొలతలు తీసింది మాఘమాసంలో, వంట జోరుగా నడుస్తున్న రోజుల్లో. పెనంలో రసం మరుగుతోంది. పెనం చుట్టూ ఉండే మట్టిగట్టు మీద నేను టేపు పరిచాను. అది ప్లాస్టిక్ పూసిన గుడ్డ టేపు. నేను అంకె చదివేలోపే మెలితిరిగి గట్టుకి అంటుకుపోయింది.

అన్నయ్య పిప్పి ఎగదోస్తున్నవాడల్లా ఆగి చూశాడు.

"ఏటమ్మీ, దోసె ఏసేవా?"

"నవ్వకు. ఇప్పుడెలా కొలవాలి?"

"టేపు లేనప్పుడు మీ తాతలు కొలవలేదేటి? రాసుకో."

చొక్కా చేతులు అప్పటికే మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. కుడి మోచెయ్యి గట్టు చివర ఆనించి, చెయ్యి చాపి, నడిమివేలు కొస దగ్గర ఎడమచేతి వేలితో గుర్తు పెట్టాడు. మళ్లీ ఆ గుర్తు దగ్గర మోచెయ్యి ఆనించాడు. అలా గట్టు పొడవంతా వెళ్లాడు. ఆ వేడి అతనికి అలవాటే, అయినా చివరికొచ్చేసరికి చెయ్యి కొంచెం తొందరగా తీస్తున్నాడు. గట్టు పొడవు, వెడల్పు, మంట వేసే గుంట నోరు, గట్టు ఎత్తు, అన్నీ మూరల్లో చెప్పాడు. "ఆరు. ఆరు మీద బెత్తెడు. బెత్తెడు కూడా రాయి, వదిలీకు" అన్నాడు. నేను రాసుకున్నాను. పెనం కొలత మాత్రం, మర్నాడు దాన్ని దించి కడిగినప్పుడు కొత్త టేపుతో తీశాను.

అప్పుడే ఒక మాట అడిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వంట రోజుల్లో ఎప్పుడూ అలాగే ఉండేవి.

"ఇన్నేళ్లు సదివేవు గదా. ఈ పొగ మా కళ్లల్లోకి రాకుండా ఎటు పంపాలో సెప్పగలవేటి?"

"అది నా థీసిస్‌లో లేదు అన్నయ్యా."

"మరేటుంది నీ తీసిస్సులో?"

"ఉన్నది ఉన్నట్టు గీయడం."

"ఉన్నది మాకు కనపడతానే ఉంది" అని మళ్లీ పిప్పి అందుకున్నాడు. వెటకారంగా అనలేదు. అతనికి నా చదువంటే గౌరవమే. ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరు కనిపించినా మా చెల్లి దగ్గరికెళ్లండి అని పంపేవాడు. వాళ్లలో సగం మంది ప్లాను గీయించుకుని, కట్టేటప్పుడు మేస్త్రి చెప్పినట్టు కట్టుకునేవాళ్లు.

అతను పోయాక మూడు నెలలకి నేను దరఖాస్తులు పెట్టాను. ఇల్లు వదిలి దూరంగా పోవాలన్న కోరిక అంతకుముందు లేదు. ఇప్పుడు దాన్ని కోరిక అనవచ్చో లేదో కూడా తెలియదు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో పాక కనిపిస్తుంది. దాన్ని చూడకుండా ఇంటికి చేరే దారి ఊళ్లో లేదు.

విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీ ఆయన నా కాగితాలు తిరగేసి, "ఆర్కిటెక్చర్ ఎందుకు మేడమ్, డేటా సైన్స్‌లోకి మారిపోండి, మీ మార్కులకి వచ్చేస్తుంది" అన్నాడు. మారనంటే జాలిగా ర్యాంకుల పట్టిక చూపించాడు. నాకు వచ్చిన రెండు చోట్లూ ఆ పట్టికలో దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఉపకార వేతనమూ ఇంచుమించు ఒకటే. వాటితో తేలే విషయం కాదు.

ఒకటి ఇంగ్లండులో ఉత్తరాన ఒక పాత ఊరు. మామూలు మనుషులు తమంతట తాము కట్టుకున్న కట్టడాలను నమోదు చేయడం, అధ్యయనం చేయడం అక్కడి కోర్సు. నా థీసిస్ చూసే సీటు ఇచ్చారు. రెండోది హాలండులో. కట్టడం లోపల గాలి, వేడి, తేమ ఎలా నడుస్తాయో లెక్కగట్టి, ప్రయోగశాలలో పరీక్షించే చదువు. లెక్కల్లో నేను అంత గట్టిదాన్ని కాదు. వాళ్లు నా గీతల గురించి ఒక్క మాటా రాయలేదు. వచ్చేటట్టయితే, ఏ సమస్య మీద పని చేస్తావో చేరేలోపు ఒక పేజీ రాసి పంపమన్నారు, అంతే. మొదటిదే నా చోటు అని నాకు అనుమానం లేకుండా తెలుసు. జవాబు రాయడమే మిగిలింది అనుకున్నాను.

వదినతో అదే చెప్పాను. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తోంది.

"రెండిట్లో అన్నం దొరికేదేది?"

"రెండు చోట్లా వండుకోవాలి వదినా."

"నువ్వా? అయితే రెండిట్లోనూ దొరకదు" అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్లండులో ఆ కోర్సు చెప్పే టీచరు ఫోన్లో వీడియో కాల్ చేసింది. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది, నాకు అర్థమయ్యేలా మాటలు ఎంచుకుంటుంది. సెప్టెంబరులో వాళ్ల దగ్గర ఒక ప్రదర్శన పెడుతున్నారట. అందులో నా గీతలు పెట్టాలని ఉంది అంది. నాకు సంతోషం వేసింది. తర్వాత ఒక సందేహం అడిగింది. పొయ్యి గట్టు ఒక కాగితం మీద, పెనం ఇంకో కాగితం మీద విడిగా గీశాను కదా, ఆవిడ ఆ రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిందట. పెనం అంచు గట్టు దాటి బయటికి వచ్చేసింది. "ఇలా ఉంటే పెనం దేని మీద ఆనుతుంది?" అని అడిగింది.

నేను ఆ కాగితాల్ని అలా కలిపి ఎప్పుడూ చూడలేదు. మా కాలేజీలో పరీక్షించినవాళ్లూ చూడలేదు. రెండు కాగితాలూ తీసి పక్కపక్కన పెట్టుకుని అంకెలు చూశాను. తర్వాత తెలిసింది. పెనం టేపుతో కొలిచింది. గట్టు అన్నయ్య చేత్తో కొలిచింది. మూర అంటే అడుగున్నర అని చిన్నప్పుడు బడిలో చెప్పారు. నేను అన్నయ్య చెప్పిన మూరలన్నిటినీ పద్దెనిమిది అంగుళాలతో హెచ్చవేసి గీసేశాను. అన్నయ్య మా ఊళ్లో అందరికంటే పొడుగు.

ఆవిడకి ఈ సంగతి చెప్పి, క్షమించండి, మళ్లీ కొలిచి సరిచేసి పంపుతాను అన్నాను.

ఆవిడ ముఖం వెలిగింది. సరిచేయకండి అంది. మనిషి ఒంటితో కొలిచిన గీత, అందులో ఆ మనిషి చెయ్యి దాగి ఉంది, ఇంతకంటే మంచి పరిశోధనాంశం ఇంకేం కావాలి, మీ రెండేళ్ల పనీ ఇదే కావచ్చు అంది. ఆ మనిషితో మాట్లాడి రికార్డు చేయగలరా అని అడిగింది. ఆయన చనిపోయారు, మా అన్నయ్య, అని చెప్పాను. ఆవిడ నిజంగానే బాధపడింది. తర్వాత, అయితే ఇది ఇంకా ముఖ్యమైనది అవుతుంది అంది.

కాల్ అయిపోయాక ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

"ఏటంటంది ఆవిడ? ముందు తిట్టినట్టుంది, తర్వాత మెచ్చుకున్నట్టుంది" అంది వదిన.

జరిగింది చెప్పాను.

"తప్పు గీత్తే మెచ్చుకుంటారా అక్కడ? అయితే మన టైలర్ని కూడా అంపించు. మీ అన్న సొక్కా సేతులు ఒక్కసారి సరిగ్గా కుట్టినోడు కాదు. ఎప్పుడు సూడు, మణికట్టు మీదకే ఉండీవి. అందుకే గదా మడిసీసీవోడు."

నేను ఇన్నేళ్లూ పని కోసం మడుస్తాడనుకున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే స్టీలు టేపు తీసుకుని పాకలోకి వెళ్లాను. వదిన వస్తానని చెప్పలేదు, కానీ వెనకే వచ్చింది. వానాకాలం తర్వాత ఆవిడ అందులో అడుగుపెట్టడం అదే మొదలు. ఒక మూల కప్పు జారి వెలుగు పడుతోంది. పెనం బయట పెరట్లో గోడకి ఆనించి ఉంది. గట్టు అక్కడక్కడా బీటలు ఇచ్చింది గానీ అంచులు పోలేదు.

వదిన టేపు మొదలు పట్టుకుంది. నేను లాక్కుంటూ అవతలి చివరికి వెళ్లాను. పొడవు, వెడల్పు, గుంట నోరు, గట్టు ఎత్తు. పాత కాగితంలో అన్నయ్య చెప్పిన మూరలు పక్కనే ఉన్నాయి. అక్కడే గట్టు మీద కూర్చుని ఒక్కోదాన్నీ భాగించాను. మూర ఇరవై అంగుళాల పైన కొంచెం వచ్చింది. రెండోదీ అంతే. గట్టు ఎత్తు కూడా అంతే. కాలుతున్న గట్టు మీద చెయ్యి పెట్టి తీసిన కొలత కాబట్టి ఎక్కడో ఒకచోట తేడా ఉంటుందనుకున్నాను. బెత్తెడు కూడా కలిపి చూశాను. లేదు.

"ఎంతంట?" అని వదిన అడిగింది.

చెప్పాను. ఆవిడ టేపు నేల మీద పెట్టి, గట్టు చివర తన మోచెయ్యి ఆనించి చెయ్యి చాపింది. ఆవిడ వేలి కొసకీ, టేపు మీద నేను చూపించిన గీతకీ మధ్య ఎడం ఉంది. దాన్ని చూస్తూ కొంతసేపు అలాగే వంగి ఉంది. "మట్టి అంటుకుంది" అని లేచి చెయ్యి దులుపుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ వారం నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆఫీసులో రెండు ప్లాన్లు తప్పు గీసి మళ్లీ గీశాను. ఇంగ్లండు టీచరు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అన్నయ్య చెయ్యి ఆ గీతల్లో ఉంది, అది నేను నా కళ్లతో చూశాను. అక్కడికి వెళ్తే రెండేళ్లపాటు దాని గురించి మాట్లాడతాను, మంచివాళ్లు శ్రద్ధగా వింటారు. ఇక్కడ అతని గురించి మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారు. ఊళ్లో జనం నాతో ఇప్పుడు వేరే సంగతులు మాట్లాడుతున్నారు, అది సహజమే. అయినా ఆ కోర్సుకి ఒప్పుకుంటూ రాయబోయినప్పుడల్లా "ఇంకా ముఖ్యమైనది అవుతుంది" అన్న మాట దగ్గర ఆగిపోయేదాన్ని. అతను పోవడం వల్ల దేనికైనా విలువ పెరగడం నాకు ఇష్టం లేదు. ప్రదర్శనలో గోడ మీద నా గీతని చూసేవాళ్లకి అది అందంగా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించడం మొదలవుతుందేమో. అప్పుడు నేను రాసే ప్రతి పేజీలోనూ అతను గట్టు మీద చెయ్యి చాపుతూనే ఉండాలి. చెయ్యి తీయాలనిపించినా నేను తీయనివ్వను.

ఇంకో సంగతి కూడా ఉంది. నా గీతల్లో ఎక్కడా పొగ లేదు. కప్పు ఉంది, దూలాలు ఉన్నాయి, పొయ్యి ఉంది. పాకని నిలువునా కోసినట్టు చూపించే గీతలో కప్పు కింద జాగా తెల్లగా, శుభ్రంగా ఉంది. ఉన్నది ఉన్నట్టు గీశానని అన్నయ్యతో చెప్పాను.

చిన్నాన్నని అడిగాను. ఆయన అరుగు మీద కూర్చుని కాళ్లకి నూనె రాసుకుంటున్నాడు.

"రెండూ మంచియ్యేనా?"

"మంచివే."

"మరేటి బాధ? ఒకటి సెడ్డదైతే తేలిక."

"ఇంగ్లండులో ఏమో మన పాక గురించి చదవమంటున్నారు చిన్నాన్నా."

"పాక గురించి సదవడానికి అంత దూరవేటి? నాలుగు రోజులుంటే అది పాకే కాదు." తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఆ రెండో దాంట్లో ఏటి సెప్తారు?"

"గాలి, వేడి. పొగ ఎటు పోతుందో, అలాంటివి."

"పొగా?" అని నవ్వి, నవ్వు మధ్యలో దగ్గు వచ్చి, తగ్గేదాకా గుంజ పట్టుకున్నాడు. ఫలానా చోటికి వెళ్లు అని మాత్రం అనలేదు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు హాలండుకి వస్తున్నానని రాశాను. ఇంగ్లండు టీచరుకి రాలేనని రాసి, స్టీలు టేపు కొలతలతో కొత్తగా గీసిన గట్టు, పెనం జతచేశాను. ఇప్పుడు పెనం గట్టు మీద సరిగ్గా కూర్చుంది. ఆవిడ మర్యాదగా జవాబిచ్చింది. నిరాశపడ్డానని దాచకుండా రాసింది. మొదటి గీత, తప్పున్నది, ప్రదర్శనలో ఉంచుకోవచ్చా అని అడిగింది. దానికి నేను ఇంకా జవాబు రాయలేదు.

సరైన పని చేశానని అనుకోవడం లేదు. నాకు సరిపడే ఒక్క చోటూ వదిలేసి, నాకు రాని లెక్కల దగ్గరికి పోతున్నానేమో. అన్నయ్య అడిగింది ఏదో మాటవరసకే అయివుండవచ్చు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పాక విప్పిన రోజు నేను ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి దూలాలు ఒక పక్క పేర్చి ఉన్నాయి. పెనం మాత్రం వదిన ఎవరికీ ఇవ్వలేదు.

హాలండు వాళ్లకి ఆ ఒక పేజీ రాయడం మిగిలింది. దానికి మండుతున్న పొయ్యి చూడాలి. ఊరి చివర పాకలో ఆఖరి వంట జరుగుతోందని చిన్నాన్న చెబితే వెళ్లాను. లోపలికి అడుగు పెట్టగానే కళ్లు మండాయి. పొగ కప్పు దాకా లేచి, అక్కడ దారి లేక గోడల వెంట దిగి, సరిగ్గా నిలబడ్డ మనుషుల ముఖాల ఎత్తులో ఆగుతోంది. పుట్టినప్పట్నుంచీ ఈ పొగ చూస్తున్నాను. అది దిగి రావడం అప్పుడే గమనించాను.

గుంట నోరు ఎంతుందో కావాలి. సంచిలోంచి టేపు తీశాను.

"అది కాలిపోద్ది. ఇల్లంతా తెలిసిన సంగతే గదా" అన్నాడు పెనం దగ్గర పాకం కలుపుతున్న చిన్నాన్న. గరిట పక్కవాడికి ఇచ్చి, వచ్చి మోచెయ్యి గుంట అంచున ఆనించబోయాడు. "రాసుకో."

"ఉండు చిన్నాన్నా. ముందు ఇలా రా."

పొయ్యికి దూరంగా తీసుకొచ్చి చెయ్యి చాపమన్నాను. మోచేతి ఎముక దగ్గర టేపు మొదలు పెట్టి నడిమివేలు కొస దాకా లాగాను. ఆయన చేతి మీద పాకం చిట్లిన పాత మచ్చలు ఉన్నాయి.

"ఏటి, సొక్కా కుట్టిత్తావా?" అన్నాడు. పెనం దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. "ఆ టైలరు దగ్గర మాత్రం కుట్టించీకు."

పద్దెనిమిదీ ముప్పావు. కాగితం పైన ముందు అది రాశాను. దాని కింద గీత గీసి, ఇప్పుడు కొలువు అన్నాను.